విడువదగినవారెవరు?

జట్టును కూర్చుట సంతోషకరమైన పని. జట్టును కుదించుట కష్టమైన పని. ఐనను ఈ రెండును ఒకే కార్యమునకు రెండు ముఖములు. కబడ్డీ జట్టులో 12 మందిని మించి వ్రాయుటకు వీలులేదు. వారిలో 7గురు బరిలో దిగుదురు, 5గురు వెలుపల కూర్చుందురు. ఐ.పి.ఎల్. క్రికెట్టు జట్టునకు 25 మంది హద్దు. ఆస్ట్రేలియా ప్రజలు మిక్కిలి మక్కువతో చూచు రగ్బీ లీగు ఆటలో 13 మంది ఆడుదురు. సంఘపు ప్రధాన పట్టికలో 30 మందికి చోటుండును. పట్టిక నిండిన పిదప క్రొత్తవానిని చేర్చుకొనవలెనన్నచో పాతవానిని విడువక తప్పదు. ఎవరిని విడువవలె? ఏ కొలతతో విడువవలె? విడిచిన పిదప అతనికి జట్టు ఏమైన ఋణపడి యుండునా, లేక లెక్క చెల్లిపోయినట్లేనా?

ఇది క్రీడాధికారుల జమాఖర్చుల విషయమని త్రోసిపుచ్చువారు కలరు. ఆ మాట నిలువదు. చోటు తక్కువయై మనుష్యులు ఎక్కువైన ప్రతి స్థలమునందును ఈ ప్రశ్న తలయెత్తును. విద్యార్థి వసతిగృహమునందు, సహకార సంఘమునందు, కర్మాగారమునందు, తుదకు అన్నదమ్ముల ఉమ్మడి దుకాణమునందును ఇది కలదు. అచ్చట నాలుగు గోడల నడుమ గుట్టుగా జరిగిపోవును. క్రీడలో వేలమంది కన్నుల యెదుట జరుగును. అందుచేత విచారణకు క్రీడ అనువుగా నున్నది.

రగ్బీ లీగు మన ప్రాంతపు బాలురు ఎరిగిన ఆట కాదు. ఐనను దాని పుట్టుకను గూర్చి ఒక మాట చెప్పుట అవసరము. ఉత్తర ఇంగ్లండులో బట్టల మిల్లులలోను, బొగ్గు గనులలోను పనిచేయు కార్మికులు ఆటకు పోయిన దినమున కూలి పోగొట్టుకొనెడివారు. ఆ నష్టమును పూరించుటకు నాటి రగ్బీ పెద్దలు ఒప్పుకొనలేదు. కూలి లేకయే ఆడగల కలవారిబిడ్డల ఆటగానే దానిని ఉంచదలచిరి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డు పట్టణములోని జార్జి హోటలులో ఉత్తర ప్రాంతపు సంఘములు సమావేశమై పాత సంస్థనుండి వేరుపడినవి. పని మానిన దినమునకు 6 షిల్లింగుల వరకు చెల్లించుటకు అంగీకరించినవి. 1906లో జట్టును 15 మంది నుండి 13 మందికి తగ్గించిరి. ఆట వేగముగా సాగుటకై చేసిన మార్పు అది. ప్రతి జట్టులోను ఇద్దరికి చోటు పోయెనన్న సంగతిని తలచినవారు తక్కువ. ఏమైనను, కూలి కొరకు పోరాడి పుట్టిన ఆటలో విడుదల యనగా కీర్తికి సంబంధించిన మాట కాదు, అన్నమునకు సంబంధించిన మాట. ఇప్పుడు మన దేశమున క్రికెట్టు, కబడ్డీలకును అదియే స్థితి వచ్చినది.

ఈ ప్రశ్నకు సులభమైన సమాధానములు రెండు కలవు. ఉపయోగపడువానిని నిలుపుకొని తక్కినవానిని పంపివేయవలెననునది ఒకటి. జట్టు కొరకు చెమటోడ్చినవానిని ఎన్నడును విడువరాదనునది రెండవది. మొదటిది వర్తకుని నీతి. రెండవది వినుటకు ఇంపైనది. దాని లోపము తరువాత తేలును.

నిజాంసాగరు కాలువ నీటితో బోధను చుట్టుపట్ల చెరకు పండించిన రైతు ఈ రెంటి నడుమ నలిగిన అనుభవము కలవాడు. మొక్క తోట నరికిన పిదప మోళ్లు మరల చిగుర్చును. ఆ కార్శి తోటకు విత్తనపు ఖర్చు లేదు, దుక్కి ఖర్చు లేదు; పంట ముందుగా పక్వమునకు వచ్చును. కాని కార్శి మీద కార్శి వచ్చిన కొలది దుబ్బులు చచ్చి నడుమ ఖాళీలు పడును, దిగుబడి తగ్గును, తెగుళ్లు పాతుకొనును. ఒకటి రెండు కార్శుల తరువాత తోటను దున్నివేయక తప్పదు. తొందరపడినచో చేతికి వచ్చు రాబడి పోవును. ఆలస్యము చేసినచో రెండేండ్ల కష్టము పోవును. జట్టును నడుపువారు ఈ లెక్కనే మనుష్యులకు వర్తింపజేయుచున్నారు. లెక్కలో తప్పు లేదు. కాని చెరకు మోడు నోరు తెరచి అడుగదు, మనుష్యుడు అడుగును. నన్నేల విడిచితిరను ప్రశ్నకు రైతు జవాబు చెప్పనక్కరలేదు. జట్టు పెద్ద చెప్పవలెను.

హైదరాబాదు సన్‌రైజర్సు జట్టులో డేవిడ్ వార్నరు విషయమున జరిగినది ఇందుకు తగిన ఉదాహరణము. 2014లో ఆ జట్టున చేరిన ఈ ఆస్ట్రేలియా ఆటగాడు 2016లో నాయకుడుగా నిలిచి 848 పరుగులు చేసి జట్టునకు టైటిలు సంపాదించి పెట్టెను. 2015, 2017, 2019 సంవత్సరములలో ఆ లీగులో అందరికన్న ఎక్కువ పరుగులు చేసినవాడతడే. తెలుగు సినిమా పాటలకు ఇంటిల్లిపాదితో చిందులు వేసి ఇచ్చటి పిల్లలకు ఆప్తుడయ్యెను. 2021లో అతని బ్యాటు మూగవోయెను. 8 ఆటలలో 195 పరుగులే వచ్చినవి. మే 1వ తేదీన అతనిని నాయకత్వమునుండి తొలగించిరి, పిదప ఆడు పదకొండుగురిలో కూడ చోటు లేకుండ చేసిరి. దుబాయిలో అతడు ప్రేక్షకుల నడుమ కూర్చుండి జట్టు జెండా ఊపుచుండగా జనులు చూచిరి. తనకు కారణము చెప్పలేదని అతడు పిదప బహిరంగముగా పలికెను. ఆ సంవత్సరము నవంబరులో జట్టు అతనిని విడిచిపెట్టెను. అదే నవంబరు 14న ఆస్ట్రేలియా టి-20 ప్రపంచకప్పు గెలిచినది. ఆ పోటీలన్నిటికి ఉత్తమ క్రీడాకారుడు వార్నరు.

న్యాయముగా ఆలోచించినచో జట్టువారి పక్షమునను చెప్పవలసినది కలదు. ఆ సంవత్సరము జట్టు 8 జట్టులలో చివరన నిలిచినది. అట్టి సమయమున మార్పు చేయక చేతులు ముడుచుకొని కూర్చున్నచో అదియు బాధ్యతారాహిత్యమే. వార్నరు తిరిగి రాణించునని ముందుగా తెలియుటకు వారు త్రికాలవేదులు కారు. మనుష్యుని బలమును గూర్చిన అంచనా తప్పుట సహజము. 2014 నుండి 11 సీజనులు ఈ జట్టునకే బంతి వేసి, 2016, 2017 సంవత్సరములలో లీగులో అత్యధిక వికెట్లు తీసిన భువనేశ్వర్ కుమార్‌ను 2024లో విడిచిరి. బెంగళూరు జట్టు అతనిని 10.75 కోట్లకు తీసుకొని 2025లో తన మొదటి టైటిలు గెలిచినది. ఇది పొరపాటనుకొన్నను క్షమింపదగిన పొరపాటే. మొదటి విషయమున నొచ్చునది వేరు. ఏడేండ్లు కలిసి అన్నము తిన్నవానికి, నిన్ను విడుచుచున్నాము, కారణమిదియని కన్నులలో కన్ను పెట్టి చెప్పలేకపోవుట అంచనా తప్పుట వంటిది కాదు. దానికి క్రీడాజ్ఞానము అక్కరలేదు, ధైర్యము చాలును.

వార్నరు మీద జాలిపడనక్కర లేదని కొందరందురు. నిజమే; మరుసటి వేలములో ఢిల్లీ జట్టు అతనిని 6.25 కోట్లకు తీసుకొన్నది. జాలి పడదగినవారు పట్టిక అడుగున ఉన్న బాలురు. 20 లక్షల కనీస ధరకు చేరి (2024 వేలమునుండి అది 30 లక్షలైనది), ఒక్క ఆటయైనను ఆడకయే విడువబడి, మరుసటి వేలమున పేరు పిలిచినపుడు ఎవ్వరును చేయి ఎత్తకపోగా ‘అమ్ముడుపోని’ వారి జాబితాలో చేరువారు ప్రతిమారు కలరు. మనుష్యుని గూర్చి ఆ మాట వాడుట ఎవ్వరి చెవులకును కటువుగా తోపకపోవుట వింతగా నున్నది. పెద్ద ఆటగాని విడుదల వార్తయగును. చిన్నవాని విడుదల వాని యింట మాత్రమే తెలియును.

ఇక రెండవ సమాధానము. సేవ చేసినవానిని విడువరాదనుట ధర్మమువలె వినిపించును. కాని నిలుపుకొన్న ప్రతి చోటునకు వెలుపల వాకిట నిలిచిన ఒక మనిషి కలడు. పోవువాడు అందరికి కనిపించును, వాని కన్నీరును కనిపించును. రాలేకపోయినవాడు కనిపించడు. నిజామాబాదు పట్టణమువారికి ఈ సంగతి పుస్తకములు చదివి తెలిసికొనవలసిన అవసరము లేదు. వారి ఆడబిడ్డ నిఖత్ జరీన్ కథయే దానిని తెలుపును.

నిఖత్ 2011లో టర్కీలో జరిగిన పోటీలలో జూనియరు ప్రపంచ విజేతగా వచ్చినది. 2017లో భుజము ఎముక తొలగి సంవత్సరముపాటు బాధపడి మరల బరిలో దిగినది. ఆమె బరువు తరగతిలోనే మేరీ కోమ్ కలదు. ఆరుమార్లు ప్రపంచ విజేత, 2012 లండను ఒలింపిక్సులో కాంస్య పతకము గెలిచినది, మణిపూరు పల్లెనుండి వచ్చి భారత స్త్రీల బాక్సింగునకు పేరు తెచ్చిన వీరవనిత. 2019 ప్రపంచ పోటీలకు ఎంపిక పోటీ లేకయే మేరీ కోమ్‌ను పంపిరి. ఆమె కాంస్యముతో తిరిగి వచ్చినది. పిదప ఒలింపిక్సు అర్హత పోటీలకును పరీక్ష లేకయే ఆమెనే పంపవలెనన్న ఆలోచన బాక్సింగు సమాఖ్యలో కలిగెను. అప్పుడు నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ వ్రాసి న్యాయమైన అవకాశము ఇమ్మని కోరినది.

అప్పట్లో ఆమెను నిందించినవారు తక్కువ మంది కారు. ఇంతటి కీర్తిమంతురాలిని పరీక్షకు నిలుపుటయా? దేశము ఆమెకు ఋణపడి లేదా? అని ఆవేశపడిరి. ఋణమున్న మాట నిజమే. కాని ఆ ఋణము తీర్చు సొమ్ము ఎవరిది? పింఛనుతోనో, పదవితోనో, శాలువాతోనో తీర్చినచో దేశపు సొమ్ము. పోటీలేని స్థానముతో తీర్చినచో అది నిజామాబాదు బాలిక సొమ్ము. ఒకరి చేతిలోని అన్నము తీసి వేరొకరికి వడ్డించుట దాసోహము కానేరదు.

2019 డిసెంబరు 28న ఢిల్లీలో పరీక్ష జరిగినది. నిఖత్ 9-1 తేడాతో ఓడినది. ఈ ఓటమియే ఈ కథలో విలువైన భాగము. ఆమె తరువాత గెలువకపోయినను 2019లో ఆమె చేసిన విన్నపము న్యాయమైనదే. ఏలయన ఆమె కోరినది స్థానము కాదు, స్థానము కొరకు పోరాడు హక్కు. ఆ పరీక్ష మేరీ కోమ్‌కును మేలే చేసినది. ఆమె స్థానము దయచేత వచ్చినది కాదనియు, ఆనాటికి ఆమెయే బలవంతురాలనియు అందరికి స్పష్టమైనది. నిఖత్ తిరిగి సాధనకు పోయినది. 2022 మే 19న ఇస్తాంబులులో థాయిలాండు యువతి జిత్‌పోంగ్ జుతామాస్‌ను 5-0 తేడాతో ఓడించి ప్రపంచ విజేతయైనది. 2023లో ఢిల్లీలో మరల గెలిచినది. వార్నరుకును నిఖత్‌కును గల తారతమ్యము గమనింపదగినది. ఎక్కువ ఘనత గలవానికి నొప్పి మిగిలినది. ఓడిన బాలికకు ఫిర్యాదు మిగులలేదు. ఒకనికి కొలత చూపలేదు, ఒకతెకు చూపిరి.

12వ శతాబ్దపు కల్యాణమున అనుభవ మంటపమునందు అక్కమహాదేవి ప్రవేశమును ఇచ్చట తలచుకొనవచ్చును. అల్లమప్రభువు ఆమెను శరణులందరి సమక్షమున ప్రశ్నించెనని శూన్యసంపాదన చెప్పుచున్నది. ఆ ప్రశ్నలు మెత్తనివి కావు. ఆడుదియని కరుణించి చేర్చుకొనలేదు, ఆడుదియని త్రోసివేయను లేదు. అడుగవలసినది ఎదుట అడిగిరి, ఆమె ఎదుటనే సమాధానము చెప్పినది. లోపల కూర్చున్నవారు చెవులు కొరుకుకొని తీర్మానించి, వెలుపల నిలిచినవారికి కబురు పంపు పద్ధతి అచ్చట లేదు.

ఐనను బహిరంగ పరీక్షతో అన్ని చిక్కులును విడిపోవునని తలచుట అమాయకత్వము. బాక్సింగు ఇద్దరి ఆట. జట్టు ఆట వేరు. కబడ్డీలో రైడరు తెచ్చిన పాయింట్లు లెక్కకు వచ్చును. పక్కవాని చేయి విడువక గొలుసు తెగకుండ నిలిచిన కవరు ఆటగాని ఓర్పు ఏ లెక్కలోనికిని రాదు. ఓడుచున్నపుడు తక్కినవారిని నిలబెట్టు మాట చెప్పినవాని పేరు ఏ పట్టికలోను ఉండదు. కావున సంఖ్యలను మాత్రమే చూచి విడుచుట అన్యాయమే. సంఖ్యలను దాటి చూచుటకు పెద్దలకు స్వతంత్రము ఉండవలసినదే. ఆ స్వతంత్రము ఎంత ఎక్కువయైన, కారణము చెప్పవలసిన బాధ్యత అంత ఎక్కువగును. ఏలయన సిఫారసు దూరునది ఆ సందులోనుండియే.

ఈ విషయమున కార్మిక చట్టము క్రీడాసంఘములకన్న ముందున్నది. పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో చేర్చిన అధ్యాయము ప్రకారము, పనివారిని తగ్గింపవలసి వచ్చినపుడు సామాన్యముగా వెనుక చేరినవాడు ముందు పోవలెను. అట్లు కాక వేరొకనిని పంపదలచినచో కారణమును వ్రాసి యుంచవలెను. ఏడాది సేవ నిండినవానికి ఒక నెల నోటీసు, పనిచేసిన ఒక్కొక్క సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము ఇయ్యవలెను. మరల ఖాళీ ఏర్పడినపుడు తొలగింపబడినవానికే మొదటి అవకాశము. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధముల కోడు కూడ ఈ సూత్రములను విడువలేదు. వెనుక వచ్చినవాడు ముందు పోవలెనను నియమమును జట్టునకు వర్తింపజేసినచో బాలురందరు పోయి ముసలివారు మిగులుదురు, అది కుదరదు. కాని కారణము వ్రాయుట, ముందుగా తెలుపుట, మరల పిలుచుట, ఈ మూడును కుదురకపోవుటకు హేతువేమియు కనబడదు.

బోధను ప్రాంతమువారికి విడుదల యను మాటకు వేరొక అర్థమును తెలియును. చక్కెర పరిశ్రమ సంవత్సరమంతయు నడచునది కాదు. చెరకు ఆడుట చలికాలపు ఆరంభమున మొదలై ఎండలు ముదురువేళకు ముగియును. అప్పుడు సీజనల్ కార్మికులు ఇండ్లకు పోవుదురు. అనగా ప్రతి సంవత్సరము విడుదలయే. ఐనను మన దేశపు చక్కెర పరిశ్రమలో అర్హులైన సీజనల్ కార్మికులకు పనిలేని నెలలలో జీతములో కొంత భాగము చెల్లించు పద్ధతి చిరకాలముగా కలదు. దానిని రిటైనింగ్ అలవెన్సు అందురు. మొత్తము పెద్దది కాదు. కాని దాని భావము గొప్పది: నీవు ఇప్పుడు పనిలో లేవు, ఐనను నీవు మావాడవే. జట్టు విడుచుటకును మనిషిని విడుచుటకును గల భేదమును ఏ వేదాంతియు ఇంతకన్న తేటగా చెప్పలేదు. జీతపు కాగితములు వ్రాయు గుమాస్తా ప్రతి సంవత్సరము చెప్పుచు వచ్చెను.

ఆ బంధమును తెంచిన విడుదలను కూడ ఈ ప్రాంతము చూచినది. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 2002లో అధికభాగము వాటా ప్రైవేటువారికి పోయెను. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి కర్మాగారములును మూతపడెను. అచ్చట ఎవరిని నిలుపుకొనవలె, ఎవరిని విడువవలెనన్న ప్రశ్నయే రాలేదు. చెమటోడ్చినవాడును, పని తప్పించుకొన్నవాడును ఒకే కాగితముతో వెలుపలికి వచ్చిరి. 2009లో విజేతయైన డెక్కన్ చార్జర్సు జట్టు 2012లో రద్దైనపుడును ఇట్లే జరిగినది; కాని ఆటగాండ్రకు వేరు జట్టులు దొరకినవి. ఏబదియేండ్ల బాయిలరు కార్మికునికి వేలము లేదు. ఎంచి విడుచుటలోని బాధను గూర్చి మాటలాడునపుడు, ఎంచకయే అందరిని విడుచుట అంతకన్న ఘోరమని మరువరాదు. ఎంచువాడు కనీసము ప్రతివాని ముఖమును చూచును.

బసవేశ్వరుని కాయక తత్త్వమును ఈ సందర్భమున పలువురు ఉదాహరింతురు. పనులలో ఎక్కువ తక్కువలు లేవు. ఒక పని పోయినంతమాత్రాన మనుష్యుని విలువ పోదు. నిష్ఠతో చేసినచో ఏ పనియైనను కాయకమే. ఇది సత్యము. విడువబడినవాడు తనకు తాను చెప్పుకొనినచో ఊరట కలుగును, తల యెత్తుకొని నడువగలుగును. కాని ఈ మాట విడుచువాని నోట వచ్చునపుడు జాగ్రత్తగా వినవలెను. నీకు వేరొక కాయకము కలదు, పోయి చూచుకొమ్మని జీతగానితో యజమాని పలికినచో అది బసవ బోధ కాదు, బాధ్యత దులుపుకొనుట. కాయకమునకు జంటగా దాసోహమును చెప్పిరి గదా. పనిచేసి మిగుల్చుకొన్న జట్టు, ఆ మిగులులో పోవువానికి పాలు ఇయ్యకయే తత్త్వము మాత్రము ఇచ్చుట తగదు.

పెద్ద జట్టుల మాట అటుంచి, మన బిడ్డల యెడల జరుగునది చూతము. జిల్లా పాఠశాలల కబడ్డీ జట్టును రాష్ట్ర పోటీలకు పంపుటకు ముందు శిబిరము నడుతురు. బోధను, వర్ని, ఆర్మూరు, భీమగల్లు వైపులనుండి 20 మంది బాలురు వచ్చిరనుకొందము. 12 మంది పోవుదురు. 8 మంది ఇంటికి మరలవలెను. సాధారణముగా జరుగునదేమి? చివరి దినము సాయంకాలము గోడమీద ఒక కాగితము అంటింతురు. బాలురు మూగుదురు. పేరు లేనివాడు జాబితాను పైనుండి క్రిందికి చదివి, చాలదని మరల పైనుండి చదువును. పిదప ఎవ్వరును చూడకుండ సంచి సర్దుకొనును. వ్యాయామోపాధ్యాయుడు దుర్మార్గుడు కాడు. ఆ ముఖములను చూడలేక గదిలో కూర్చుండును. తన మెత్తదనము చేత బాలునికి కఠినుడగును.

కాగితము అంటించుటకు ముందే ఆ 8 మందిని ఒక్కొక్కరిగా పిలిచి చెప్పుటకు ఒక గంట పట్టును. కాలు అందించుటలో వేగము చాలలేదనియో, ఊపిరి నిలుచుట లేదనియో, రైడర్లు ఐదుగురుండగా నలుగురికే చోటున్నదనియో ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. బాలుడు ఏడ్చును. ఏడువనిండు. కాని తాను ఎందుకు పోవుచున్నాడో ఇంట తండ్రి అడిగినపుడు చెప్పుటకు వానికొక మాట యుండును. ఇచ్చట ఒక దయగల అబద్ధము కూడ పొంచియుండును: వచ్చే యేడు నీ పేరు తప్పక ఉండును అనుట. వచ్చే యేటి సంగతి ఎవ్వరి చేతిలోను లేదు. ఆ మాట నమ్మి చదువు మానుకొని మైదానమునే పట్టుకొన్న బాలుని బ్రతుకునకు పూచీ ఎవ్వరు?

ఇక చెప్పుటకు ఇబ్బందికరమైన సంగతి ఒకటి. శిబిరము జరుగుచున్న నాళ్లలో ఉపాధ్యాయునికి ఫోనులు వచ్చును. మఠ కమిటీలో పెద్దమనిషియో, సంఘపు కార్యదర్శియో, దుకాణదారుడో మాటలాడును. మన సమాజపు బిడ్డ, మంచి కుటుంబము, కొంచెము చూడుడు అని మాత్రమే అనును. అంతకుమించి ఒక్క అక్షరము అనడు. అది అన్యాయముగా అతనికి తోపదు, సాయముగా తోచును. లింగాయతులలో మాత్రమే ఇట్లుండునని కాదు, ప్రతి కులమునందును కలదు. కాని కులమును కొలతగా పనికిరాదని చెప్పినవాని పేరు తలచువారికి ఇది మరింత ఎబ్బెట్టు. ఆ ఒక్క మాటకు ధర చెల్లించువాడు 13వ స్థానమున నిలిచిన బాలుడు. వాని తండ్రి చెరకు నరుకుటకో, బీడీల కార్ఖానాకో పోయియుండును. ఎవ్వరికి ఫోను చేయవలెనో వానికి తెలియదు. తన కొడుకు ఆటలో వెనుకబడెననియే నమ్మును.

ఇన్ని చెప్పినను తెగని చిక్కు ఒకటి మిగులును. 12వ స్థానమునకు ఇద్దరు బాలురు ఆటలో సరిసమానులు. ఒకడు ఉన్నవారి యింటివాడు. ఈ జట్టు తప్పినను వానికి కొరత లేదు. రెండవవాడు పేదవాడు, జట్టులో చేరినచో క్రీడా వసతిగృహమున సీటు, రెండు పూటల పాలు, గ్రుడ్లు దొరకును. పేదవానికే ఇయ్యవలెనని మనసు చెప్పును. సమానత నిజముగా తేలినచో అట్లు చేయుటలో దోషము లేదు. కాని సమానత తేలినదా, లేక మనసు తేల్చినదా యని ఆ ఉపాధ్యాయుడు రాత్రి ఒంటరిగా తన్ను తాను అడుగుకొనవలెను. తేలనిచో ఇద్దరిని మరునాటి ఉదయము తక్కిన బాలురందరి యెదుట మరియొకమారు ఆడించుట మేలు. ఓడినవాడు పేదవాడైనచో వానికి పాలు, గ్రుడ్లు వేరు త్రోవన అందు ఏర్పాటు చేయుట ఊరిలోని సంఘముల పని. ఏటేట పోటీలకు కప్పులు కొనుటకు చందాలిచ్చువారు మన ఊళ్లలో కొదవలేదు. 8 మంది బాలురు ఎక్కవలసిన బస్సు ఎన్నిగంటలకో, వారి యొద్ద చార్జీకి డబ్బులున్నవో లేవో ముందుగా కనుగొనుట ఆ ఉపాధ్యాయునిదే.